పదకొండు జతలు, పద్దెనిమిది మంది

కొత్తగా ఉద్యోగంలో చేరిన పీఈటీలు నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. రిటైరైనవాడికి తీరిక ఎక్కువని వాళ్ళ నమ్మకం. అందులో తప్పేం లేదు, నాకు నిజంగానే తీరిక ఎక్కువ. అడిగేది మాత్రం అందరూ ఒకటే. "సార్, టీమ్ వరసగా ఓడిపోతాంది. ఉన్న పదకొండు మందినే ఆడిస్తా పోదునా, కొత్త పిల్లల్ని దించుదునా?" ఎన్ని ఓడారని అడుగుతాను. మూడు అంటారు దిగులుగా. మూడింటికే ఇంత దిగులా అనుకుంటాను. నా దగ్గర జవాబు లేకపోలేదు గానీ, అది ఒక్క ముక్కలో తెమిలేది కాదు. ఒక ఏడాది కథంతా చెప్పాలి. అందులో నేను చేసిన తెలివితక్కువ పనులూ చెప్పాలి. అవన్నీ ఫోన్లో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

హిందూపురంలో ఒక బాలికల హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. నా సర్వీసు చివరి ఏళ్ళలో మా ప్రాంతంలో ఆడపిల్లల ఫుట్‌బాల్ లీగ్ ఒకటి మొదలుపెట్టారు. ఆరు ఊళ్ళ జట్లు. ఆదివారాల్లో మ్యాచ్‌లు. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో రెండేసి సార్లు ఆడాలి, ఒకసారి మన ఊళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో. అట్టడుగున నిలిచిన జట్టు మరుసటి ఏడాదికి లీగ్‌లోంచి పోతుంది, ఆ చోట్లోకి ఇంకో ఊరు వస్తుంది. బూట్లు లేనిదే ఎవరినీ గ్రౌండులోకి దింపకూడదని కూడా ఒక నియమం పెట్టారు.

మా దగ్గర పద్దెనిమిది మంది పిల్లలున్నారు. బూట్లు ఒక్క జత కూడా లేదు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా పాత విద్యార్థిని ఒకామె సంగతి విని, "పదకొండు జతలు నేను పంపిస్తా సార్, కొలతలు పంపండి" అంది. జూన్‌లో ఒక పొద్దున వరండాలో పాత పేపర్లు పరిచి, ఆ రోజుకు నా కంటికి బాగా ఆడతారనిపించిన పదకొండు మందిని ఒక్కొక్కరినే నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిల్‌తో గీశాను. కత్తెరతో కత్తిరించి, ఒక్కోదాని మీద పేరు రాసి పంపించాను. లేపాక్షి నుంచి రోజూ వచ్చి చదువుకునే తొమ్మిదో తరగతి పిల్ల ఒకటి వరుసలో లేకపోయినా ముందుకొచ్చి పేపర్ మీద కాలు పెట్టింది. "నీది వద్దులేమ్మా, పేపర్ చాలదు" అన్నాను. పేపర్ బోలెడుంది.

బూట్లు దసరా సెలవుల తర్వాత వచ్చాయి. ఎవరి జత వాళ్ళకు అతికినట్టు సరిపోయింది. లోపల స్కెచ్ పెన్నుతో నంబర్లు వేసి పంచాను. నిజం చెప్పాలంటే, జట్టు ఎవరనేది ఆ రోజుతో తేలిపోయింది. ఆ తర్వాత నేను ఎంచింది లేదు, దించింది లేదు. మిగిలిన ఏడుగురు గ్రౌండు మూలన ఒట్టికాళ్ళతో, గాలి సరిగా నిలవని పాత బంతితో వాళ్ళలో వాళ్ళు ఆడుకునేవాళ్ళు. బంతి బయటికి పోతే తెచ్చిచ్చేది కూడా వాళ్ళే.

ఇందుకు నాకొక సిద్ధాంతం ఉండేది. జట్టులో మనుషుల్ని మాటిమాటికీ మారిస్తే ఒకరి ఆట ఒకరికి అర్థం కాదు, ఓడినా సరే అదే పదకొండు మందిని కలిపి ఉంచాలని. ఇది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. వెనక ఆడే నలుగురికి పక్కనున్న మనిషి ఎటు కదులుతుందో చూడకుండానే తెలియాలి, అది నెలల తరబడి కలిసి ఆడితేగానీ రాదు. నాకు పట్టుబడని సంగతేమిటంటే, నేను సిద్ధాంతం అనుకుంటున్న దాంట్లో సగం బూట్ల కొరత.

మా లెక్కల మేడమ్‌కు ఆ సంగతి ముందే తెలుసు. ఆడపిల్లలు ఊరు దాటి పోతున్నారంటే ఒక టీచరమ్మ తోడు ఉండాలి కాబట్టి ఆవిడ ప్రతి ప్రయాణానికీ మాతో వచ్చేది. నాకంటే పదేళ్ళు చిన్న, నోరు మాత్రం పదేళ్ళు పెద్ద. ఫుట్‌బాల్ గురించి తనకు ఏమీ తెలియదని ముందే చెప్పి, ఆ తర్వాత అన్నీ చెప్పేది.

కెప్టెన్ పదో తరగతి పిల్ల. వెనక నడిమధ్య ఆడేది. ఎదుటివాళ్ళు బంతి తోసుకొస్తుంటే కంగారు పడకుండా, ఆ బంతి తనదే అయినట్టు వెళ్ళి తీసుకునేది. వాళ్ళమ్మ గార్మెంట్స్‌లో మిషన్ మీద కుట్టే మనిషి. ఒకరోజు గేటు దగ్గర నన్ను నిలబెట్టి తేల్చి చెప్పింది. "పదైపోతే ఇంటికాడ చిన్నోళ్ళను చూసుకుంటాది సార్. వయసొచ్చినాంక నాతోపాటు గార్మెంట్స్‌కొస్తాది. అదేదో ఆటల హాస్టల్ అంటాంది గదా, ఆడ సీటొస్తే మాత్రం చదువుకోనీ. నేనేం అడ్డం పడను." ఆ హాస్టల్ సీటు రావాలంటే ముందు జిల్లా జట్టులోకి తీసుకోవాలి. జిల్లా జట్టును ఎంచేవాళ్ళు లీగ్ చివరి మ్యాచ్‌లకు వచ్చి చూస్తారు. అందుకని ఆ పిల్లకు మిగతా మ్యాచ్‌లన్నీ ఒక ఎత్తు, చివరిది ఒక ఎత్తు.

మొదటి నాలుగూ ఓడిపోయాం. ఐదోది పెనుకొండలో, కొండ కింద గ్రౌండు, అడుగడుగునా గులకరాళ్ళు. ఐదు గోల్స్ తిన్నాం, ఒక్కటీ వేయలేదు. తిరుగు బస్సులో పిల్లలు శెనక్కాయలు తింటూ నవ్వుకుంటున్నారు. ఓడిపోయి నవ్వడమేమిటని నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. సోమందేపల్లి దాటేలోపలే నిర్ణయం చేసేశాను. వచ్చే ఆదివారం ఆరుగుర్ని తీసేస్తున్నా, ఆరుగురు కొత్తవాళ్ళను దించుతున్నా అని బస్సులోనే ప్రకటించాను. సిద్ధాంతం కిటికీలోంచి పడిపోయింది.

ఆ ఆదివారం మా గ్రౌండులో జరిగింది చూసినవాళ్ళు ఇప్పటికీ గుర్తుచేసి నవ్వుతారు. ఆరు జతలు చేతులు మారాయి. ఒక పిల్ల బూటు ముందు భాగంలో చేతిరుమాలు కుక్కుకుంది. ఇంకో పిల్ల మూడు జతల సాక్సులు వేసుకుంది. లేపాక్షి పిల్లకు నేనిచ్చిన జత రెండు సైజులు పెద్దది. ఆమె గట్టిగా తన్నింది, బంతి ఒకవైపు పోయింది, బూటు గోల్ వైపు పోయింది. ఎదుటి జట్టు గోల్‌కీపర్ బూటును పట్టుకుంది. ఏడు గోల్స్ తేడాతో ఓడిపోయాం.

"చూసినారా మేడమ్, చిన్నపిల్లలు ఇంకా తయారు కాలేదు" అన్నాను.

"మీరు తయారు చేసింది ఎప్పుడు సార్?" అంది ఆవిడ. "ఆర్నెల్లుగా వాళ్ళను బాల్ తెచ్చేదానికే పెట్టుకున్యారు. ఒక్కసారే ఆర్మందిని దించి, అది గూడా వాళ్ళవి కాని బూట్లతో, ఓడిపోతే వాళ్ళ తప్పంటారే. ఏడాదంతా లెక్కలు చెప్పకుండా నేను పరీక్ష పెడితే ఊరుకుంటారా?"

రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు పాత పదకొండు మందినే మళ్ళీ పిలిచాను. కొత్తవాళ్ళు పనికిరారని రుజువైందనుకున్నాను. నేను పెట్టిన పరీక్షే తప్పుడు పరీక్ష అని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

పాతవాళ్ళు కొంచెం కుదురుకున్నారు కూడా. తర్వాతి మూడింటిలో ఒకటి గెలిచాం, ఒకటి డ్రా చేశాం. నా సిద్ధాంతానికి మళ్ళీ ప్రాణం వచ్చింది. పైగా ఆ చలికాలంలో మా కెప్టెన్ చూస్తుండగానే మునగచెట్టులా పొడుగు సాగింది. కార్నర్ కిక్‌లకు తల తగిలించేదానికి పనికొస్తుందని మురిసిపోయాను. ఒళ్ళు పెరిగితే పాదం కూడా పెరుగుతుందని, జూన్‌లో పేపర్ మీద గీసిన పాదం అక్కడే ఆగి ఉండదని, ముప్పై ఏళ్ళు పిల్లల మధ్య తిరిగిన నాకు తట్టలేదు.

జనవరి వచ్చేసరికి ఆమె ఆట మందగించింది. బంతి దగ్గరికి ఒక అడుగు ఆలస్యంగా చేరేది. నేను రోజూ అరిచేవాణ్ణి. "ఏమ్మా, పరిగెత్తుతాండావా, నడుస్తాండావా? ఇంటికాడ అన్నం పెట్టల్యా?" ఆమె తల దించుకుని, "పరిగెత్తుతా సార్" అనేది. మిగతావాళ్ళంతా గ్రౌండుకొచ్చి బూట్లు వేసుకుంటే, ఈమె ఇంటి దగ్గరే వేసుకుని వచ్చేది, విప్పకుండానే ఇంటికి పోయేది. అది చూసి నేను అందరి ముందూ మెచ్చుకున్నాను. "కెప్టెన్ అంటే ఇట్లుండాల. చూసి నేర్చుకోండి" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

చివరి మ్యాచ్ ధర్మవరంలో. మగ్గాలున్న వీధి వెనక గ్రౌండు, ఆదివారమైనా ఏదో ఒక ఇంట్లోంచి మగ్గం చప్పుడు వస్తూనే ఉంది. మేం ఓడితే అట్టడుగుకు పోతాం, డ్రా చేసుకుంటే లీగ్‌లో నిలుస్తాం. లీగ్‌లో లేకపోతే ఆ ఏడుగురు చిన్నపిల్లలకు వచ్చే ఏడాది ఆడేదానికి మ్యాచే ఉండదు. ఇంకో పక్క జిల్లా జట్టును ఎంచేవాళ్ళు ఇద్దరు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, ఒళ్ళో నోటు పుస్తకాలు పెట్టుకున్నారు. మా కెప్టెన్ గ్రౌండులోకి దిగేముందు వాళ్ళ వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుంది.

మొదటి సగంలోనే ఒక గోల్ తిన్నాం. కెప్టెన్ అందుకోవాల్సిన బంతి అది. మామూలుగా అలవోకగా తీసే దూరంలోనే వెనకపడిపోయింది. విరామంలో నీళ్ళ బాటిళ్ళు తిరుగుతుండగా ఆమె మీద విరుచుకుపడబోయాను. అప్పుడే లెక్కల మేడమ్ నన్ను పక్కకు నెట్టి, ఆ పిల్ల ముందు నేల మీద కూర్చుంది.

"బూట్లు విప్పమ్మా."

"వద్దు మేడమ్, బాగుండాయి."

ఆవిడ లేసులు విప్పేసింది. సాక్సు వేలికి అతుక్కుపోయి ఉంది. నీళ్ళు పోసి మెల్లగా లాగితే, కుడికాలి బొటనవేలి గోరు నల్లగా కమిలి పైకి లేచి ఉంది. ఎడమకాలి వేళ్ళు లోపలికి ముడుచుకుని, కణుపుల మీద తోలు లేచిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్ల?" అన్నాను.

"క్రిస్మస్ సెలవుల కాడ్నించి సార్. బిగుసుకుపోయినాయి."

"మరి ఎందుకు చెప్పలా?" నా గొంతు ఇంకా కోపంగానే ఉంది.

"చెప్తే ఈ బూట్లు ఆ పాపకు పోతాయి గదా సార్" అంది, లేపాక్షి పిల్ల వైపు చూసి. "దానికి సరిగ్గా సరిపోతాయి. ఒకరోజు తొడిగి చూసినాం. నాకు ఇంకో జత యాడుండాది?"

లేపాక్షి పిల్ల నేల చూపులు చూస్తోంది. అంటే ఆమెకూ తెలుసు. నెలన్నరగా తెలుసు. వచ్చి నాతో ఒక్క మాట చెప్పి ఉంటే ఆ బూట్లు, ఆ స్థానం ఆమెవే. చెప్పలేదు. పేపర్ చాలదన్న సార్‌కు ఎందుకు చెప్పాలనుకుందో, కెప్టెన్ అక్కకు హాస్టల్ సీటు పోతుందనుకుందో నేను అడగలేదు.

కెప్టెన్ నా చొక్కా అంచు పట్టుకుంది. "ఈ అర్ధగంట ఆడనీయండి సార్. వాళ్ళు రాసుకుంటాండారు. నొప్పి తట్టుకుంటా."

ఇక్కడ నేను ఏం ఆలోచించానో దాచకుండా చెప్పాలి. బయటికి అన్నది, "ఈ కాలితో ఎట్ల ఆడతావు తల్లీ, వద్దు" అని. లోపల అనుకున్నది, ఈమె ఉంటే ఇంకో రెండు గోల్స్ తింటాం, లీగ్ పోతుందని. రెండూ నిజమే. ఏది ముందు వచ్చిందో నాకు తెలుసు. బూట్లు తీసి లేపాక్షి పిల్లకిచ్చాను. లోపల తడిగా ఉన్నాయి. ఆ పిల్ల తొడుక్కుంది.

ఆమె దిగిన ఐదు నిమిషాలకే తప్పు చేసింది. తన చోటు వదిలేసి బంతి వెంట పరిగెత్తింది, వెనక అంతా ఖాళీ. గోల్ స్తంభానికి కొట్టుకుని బంతి బయటికి పోబట్టి బతికిపోయాం. ఏడాదంతా మూలన ఆడుకున్న పిల్లకు చోటు అంటే ఏమిటో ఎవరు నేర్పారు? తీసేద్దామా అని చెయ్యి ఎత్తబోయాను. అప్పుడు గీత పక్క నుంచి గొంతు వినిపించింది.

"బాల్ ఎనకాల పోవద్దు పాపా. ఆడనే ఉండు. అది నీ కాడికే వస్తాది."

కాలికి మేడమ్ చున్నీ ముక్క చుట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, కెప్టెన్ అరుస్తోంది. ఆ అర్ధగంటా అరుస్తూనే ఉంది. ఎడమకు, కుడికి, ఇప్పుడు పో, ఇప్పుడు ఆగు. ఏడాదిలో నేను నేర్పాల్సింది ఆ పిల్ల అర్ధగంటలో నేర్పుతుంటే నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. మెల్లగా ఆ చిన్నపిల్ల కాళ్ళు కుదురుకున్నాయి. రెండు మంచి బంతులు తీసింది. ఇంకో పది నిమిషాలుందనగా కార్నర్ కిక్ నుంచి మా పిల్ల ఒకతె గోల్ వేసింది. ఒకటికి ఒకటి. అట్లే ముగిసింది.

పిల్లలు ఏడ్చారు, నవ్వారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. కెప్టెన్ కూడా ఒంటికాలి మీద గెంతింది. మేడమ్ తన చెప్పులు ఆమెకిచ్చి, తాను ఒట్టికాళ్ళతో బస్టాండు దాకా నడిచింది. బస్సులో అందరూ పాడుతుంటే ఆ పిల్ల కూడా కాసేపు పాడింది. పెనుకొండ దగ్గర చూస్తే కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.

వారం తర్వాత జాబితా వచ్చింది. ఆమె పేరు లేదు. ఎంచినవాళ్ళలో ఒకాయనకు ఫోన్ చేశాను. "ఆ పిల్ల నడకే సరిగా లేదప్పా. రెండో సగం అసలు లేనే లేదు. ఏమని రాయమంటావు?" అన్నాడు. కాలి సంగతి చెప్పాను. "ముందే చెప్పుంటే ఇంకో రోజు పిలిచి చూసుండేవాళ్ళం గదా" అన్నాడు. జట్టు వివరాలు వెళ్ళిపోయాయి, ఇక చేసేదేమీ లేదు. గేటు దగ్గర వాళ్ళమ్మకు ఈ మాట చెప్పాల్సి వచ్చింది. "పోనీలే సార్, మీరేం జేస్తారు" అంది. తిట్టి ఉంటే బాగుండేదని అనుకున్నాను.

మరుసటి ఏడాది పద్ధతి మార్చాను. బూట్ల మీద నంబర్లు తుడిచేసి, అన్నీ ఒకే సంచిలో వేశాను. అడిగినవాళ్ళందరి దగ్గరా చేయి చాపి ఇంకో ఎనిమిది పాత జతలు సంపాదించాను. నెలకోసారి అందరి పాదాలూ చూసేవాణ్ణి. వెన్నెముకలాంటి ఐదుగుర్ని కదపకుండా ఉంచి, ఒక్కో మ్యాచ్‌కు ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళను మాత్రం దించేవాణ్ణి. ఓడినా ఆ లెక్క మార్చలేదు. నాలుగో స్థానంలో నిలిచాం. అదేమంత గొప్ప కాదు గానీ, ఆ ఏడాది ఉన్న పద్దెనిమిది మందీ ఆడారు. లేపాక్షి పిల్ల వెనక నడిమధ్య ఆడింది.

నా రిటైర్మెంట్ రోజు స్కూల్లో చిన్న సభ పెట్టారు. సాయంత్రం భోజనాల వేళ ఒక అమ్మాయి మెడలో కంపెనీ కార్డుతోనే గబగబా వచ్చింది. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తోందట, షిఫ్టు దిగి నేరుగా బస్సు పట్టుకుందట. మా కెప్టెన్. నాకంటే పొడుగైంది. ప్లేట్లు పట్టుకుని ఒక మూలన నిలబడ్డాం. ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట అప్పుడు చెప్పాను. ఆ రోజు నిన్ను బయటికి తీసింది నీ కాలి కోసం కాదమ్మా, డ్రా కోసం, నీ సీటు నా వల్లే పోయింది, నన్ను క్షమించు అన్నాను.

ఆమె తినడం ఆపింది.

"తీసినందుకు నాకేం లేదు సార్. ఆ కాలితో ఆడుతాండే మనిషిని నేనైనా తీసేదాన్నే" అంది. "నెలన్నర మీ ముందరే కుంటుకుంటా తిరిగినా. దినామూ అరిచినారు గానీ, ఏమైందమ్మా అని ఒక్కసారి గూడా అడగల్యా. అడిగుంటే చెప్పేదాన్ని సార్."

ఆమె కోపంగా అనలేదు. ఎప్పుడో జరిగిన సంగతి గుర్తు చేసుకున్నట్టు అనింది, అంతే. ఎవరో నన్ను ఫొటోకు పిలుస్తున్నారు. నేను కదల్లేదు.

"ఇప్పుడెట్లుందమ్మా కాలు?" అని అడిగాను.

"చలికాలం నొప్పేస్తాది సార్" అంది.